మూడో కృష్ణుడు

గౌతమి ఒడ్డున, యానాం రేవులో ఒక లాంచీ సరంగు ఉండేవాడు. 2002లో బాలయోగి వారధి తెరిచేదాకా ఇటు యానాం నుంచి అటు ఎదుర్లంకకు మనిషైనా, ధాన్యం బస్తా అయినా, పెళ్ళివారి సామానైనా నీళ్ళ మీదే దాటాలి. పొద్దున్న మొదటి లాంచీ ఆయనదే. రాత్రి ఆఖరిదీ చాలాసార్లు ఆయనదే. భార్య తొందరగా పోయింది. మిగిలింది ఒక్క ఆడపిల్ల. తండ్రి ఏటి మీద ఉన్నంతసేపూ ఆ పిల్ల రేవు పాకలో బల్ల మీద కూర్చుని పలక దిద్దుకునేది.

సరంగుకి పద్యమంటే ప్రాణం. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది గానీ చెవిన పడ్డ పద్యం ఒకటీ మరిచిపోయేవాడు కాదు. ఏటి మధ్యలో ఇంజను చప్పుడును మించి గొంతెత్తితే లాంచీలో జనం మాటలు ఆపి వినేవారు. ఇక మీసాల వేంకన్న తీర్థం వస్తే ఆయనకు పండగే. యానాం వేంకటేశ్వరస్వామికి మీసాలుంటాయి కాబట్టి ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆ రోజుల్లో రాత్రిళ్ళు ఆరుబయట పద్యనాటకం వేస్తే, ఎక్కువసార్లు శ్రీకృష్ణ రాయబారమే. ఆ నాటకంలో పాడే తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు గోదావరి సీమలో పొలం గట్ల మీద కూడా వినపడేవి. ఆ జంటకవుల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి చిన్నతనం గడిచింది యానాంలోనే. ఆ పద్యాలు మా ఊరివి అని యానాం వాళ్ళు అనుకుంటే కాదనే హక్కు ఎవరికీ లేదు.

ఈ నాటకం చూడనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారుజాముకి గానీ పూర్తి కాదు. పద్యం చివర రాగం తీసి, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటినుంచి పాడి, రాత్రంతా నిలబడటం ఒక్క గొంతు వల్ల అయ్యే పని కాదు. అందుకని ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు వస్తారు. పడక సీనుకి ఒకరు, పాండవులతో సంప్రదింపులకి ఒకరు, కౌరవసభలో రాయబారానికి ఒకరు. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వేసి ఎదురుగా నటుల పేర్లు వేస్తారు. ముందువాడు బాగా పాడితే తరవాతివాడికి పట్టుదల పెరుగుతుంది. పాత తరంలో ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ళు కృష్ణుడు కడుతున్నారంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఖాళీ అయ్యేవి.

సరంగు పిల్లని భుజాన ఎక్కించుకుని నాటకానికి వెళ్ళేవాడు. ఇంట్లో దాన్ని ఎవరి దగ్గర వదిలిపెడతాడు? పడక సీనులో కృష్ణుడు దొంగనిద్ర పోతుంటే పిల్ల నిజం నిద్రలోకి జారుకునేది. తండ్రి తుండుగుడ్డ దాని నెత్తిన కప్పి కొంతసేపు చూసేవాడు. మంచు పడుతోందనిపించగానే లేచి, పిల్లని భుజాన వేసుకుని, మెట్టకూరులో ఇంటి దారి పట్టేవాడు. వెనక నుంచి హార్మోనియం వినపడుతూనే ఉండేది. తెల్లారితే మొదటి లాంచీ తనదే. పిల్లకి బడి.

కాలం గడిచింది. వారధి వచ్చింది, లాంచీ ఆగిపోయింది. సరంగు ఒక బియ్యం మిల్లు దగ్గర కాపలా ఉద్యోగం చేసి పిల్లని నర్సు కోర్సు చదివించాడు. ఆ పిల్ల ఇప్పుడు కాకినాడలో ఒక ఆస్పత్రిలో నర్సు. తండ్రిని తన దగ్గరే పెట్టుకుంది. వేళకి మాత్ర, ఉప్పు తగ్గించిన కూర, నెలనెలా పరీక్షలు. చూసినవాళ్ళు కూతురంటే అలా ఉండాలనేవారు. ఆ మాట అబద్ధమూ కాదు.

ఒక ఏడు తీర్థానికి ఆమే తండ్రిని యానాం తీసుకొచ్చింది. "నాన్నా, నీకు ఇష్టం కదా, రాయబారం వేస్తున్నారట" అంది. ఆయన తెల్లచొక్కా వేసుకుని మధ్యాహ్నం నుంచే సిద్ధంగా కూర్చున్నాడు.

పందిరి ముందు అడుగు పెట్టే చోటు లేదు. కోనసీమ వైపునుంచి వారధి మీదుగా మోటారుసైకిళ్ళు, కాకినాడ వైపునుంచి ఆటోలు, చుట్టూ జీళ్ళ కొట్లు, మిరపకాయ బజ్జీల బళ్ళు, రంగులరాట్నం. కుర్చీలు చాలక చాపలు, చాపలు చాలక గోనెపట్టాలు. ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసాయన ముందు నిలబడినవాళ్ళని కూర్చోమని అరిచి అరిచి చివరికి తానే కూర్చున్నాడు. కూతురు మధ్య వరసలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు సంపాదించి, తండ్రి చెవులకి మఫ్లర్ చుట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చింది. బజ్జీలు వద్దంది. ఆయన అడగలేదు కూడా. ఒక్కటే చెప్పాడు:

"కన్ను మూతపడితే లేపమ్మా."

"సరే నాన్నా."

తెర లేచింది. ఒకటో కృష్ణుడు హంసతూలిక మీద పడుకున్నాడు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు కూర్చున్నాడు, అర్జునుడు తరవాత వచ్చి కాళ్ళవైపు నిలబడ్డాడు. కృష్ణుడు కళ్ళు తెరిచి మొదటి పద్యం ఎత్తుకోగానే వెనక చాపల మీంచి వన్స్‌మోర్ లేచింది. ఎవరో స్టేజీ ఎక్కి కృష్ణుడి కండువాకి నోటు గుచ్చారు. సరంగు పెదాలు కదులుతున్నాయి. ప్రతి పద్యమూ ఆయనకి ముందే తెలుసు.

రెండో కృష్ణుడు వచ్చేసరికి ఆయన తల వాలింది. కూతురు చూసింది. లేపలేదు. తన శాలువా తీసి ఆయన మీద కప్పింది. చిన్నప్పుడు నన్ను ఇలాగే కప్పేవాడు అనుకుంది. ఆ అనుకోవడంలో ఆమెకి చాలా తృప్తి కలిగింది, ఎన్నాళ్ళ బాకీయో తీరుస్తున్నట్టు. ధర్మరాజు పాడాడు, భీముడు పాడాడు, ద్రౌపది జుట్టు విరబోసుకుని వచ్చింది. పక్కన కూర్చున్న తాళ్ళరేవు ముసలాయన వంగి చూసి, "పెద్దాయన్ని లేపమ్మా, ద్రౌపది సీను పోతోంది" అన్నాడు.

"పడుకోనివ్వండి బాబాయ్‌గారూ. ఆయనకి బీపీ."

ముసలాయన ఇంకేమీ అనలేదు.

తెర పడింది. చందాలిచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదవడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి సరంగు ఉలిక్కిపడి లేచాడు. స్టేజీ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"రెండో కృష్ణుడు అయిపోయాడా?"

"నువ్వు హాయిగా పడుకున్నావు నాన్నా. లేపబుద్ధి కాలేదు."

ఆయన తల ఊపాడు. కూతురు సీసా మూత బిగించింది. "ఇంక వెళ్దామా? తరవాత ఆటోలు దొరకవు. పొద్దున్నే నాకు డ్యూటీ ఉంది. నీకూ మంచు మంచిది కాదు."

సరంగు మారుమాట లేకుండా లేచాడు. శాలువా నాలుగు మడతలు పెట్టి కూతురికిచ్చాడు. తాళ్ళరేవు ముసలాయన ఆశ్చర్యపోయాడు. "అసలు రాయబారం ముందుంది కదండీ! మూడో కృష్ణుణ్ణి చూడకుండా వెళ్ళిపోతారా?"

"నాకు అలవాటేనండి," అన్నాడు సరంగు. "రాయబారం సీను నేనెప్పుడూ చూళ్ళేదు."

కూతురు ఆగింది. "ఎప్పుడూ అంటే?"

"నువ్వు నిద్రపోయేదానివి కదమ్మా."

వేసవిలో ఏటినీళ్ళు ఉప్పగా ఉంటాయని చెప్పినట్టు చెప్పాడు, అంతే మామూలుగా. అందులో నిష్ఠూరం లేదు. అడగనూ లేదు. కూతురు ఒక్క నిమిషం అలాగే నిలబడి, మడతపెట్టిన శాలువా విప్పి కుర్చీ మీద పరిచింది. "కూర్చో నాన్నా" అంది. ఫోన్ తీసి తోటి నర్సుకి మెసేజ్ పెట్టింది, పొద్దుటి డ్యూటీ నువ్వు చూడు, మధ్యాహ్నం నీది నేను చేస్తాను అని.

పేర్లు చదవడం తెమలలేదు. తబలా శృతి చేసుకోవడం ఇంకో పావుగంట. సరంగు మళ్ళీ తల వాల్చాడు. వయసు మీద పడ్డ శరీరం, ఏం చేస్తుంది? అప్పుడు తెర వెనక శంఖం ఊదారు.

కూతురు ఆయన మొహం చూసింది. అలిసిపోయిన మొహం. లేపితే రేపంతా తలనొప్పి అంటాడేమో, బీపీ పెరుగుతుందేమో. రాత్రిపూట వార్డులో నిద్రపోతున్న రోగిని అవసరం లేకుండా లేపకూడదని ఆమెకి నేర్పారు. ఆ అలవాటు చేతుల్లో ఉంది. ఆయన అడిగింది మాత్రం వేరే.

భుజం పట్టి కుదిపింది. "నాన్నా, లే. మూడో కృష్ణుడు వస్తున్నాడు."

ఆయన విసుక్కున్నాడు. ఎవరో ఏమిటో తెలియనట్టు చూశాడు. మళ్ళీ కుదిపింది. ఈసారి కళ్ళు పూర్తిగా తెరిచి, మఫ్లర్ పీకేసి, ముందుకి వంగి కూర్చున్నాడు.

ఆ సీనులో పద్యాలన్నీ ఆయనకి వచ్చు. రేడియోలో విన్నవి, లాంచీలో పాడినవి. కానీ ఏ పద్యం ఎవరి మొహం చూసి అంటాడో, ఎప్పుడు లేచి నిలబడతాడో, ఎప్పుడు నవ్వుతాడో ఆయన ఎన్నడూ చూడలేదు. గుడ్డిరాజు తల తిప్పకుండా చెవి మాత్రం ఇటు పెట్టి వింటుంటే, "అదిగో, అలా వింటాడన్నమాట!" అన్నాడు పైకే. కర్ణుడి మీద పద్యం అయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడి వన్స్‌మోర్ అని అరిచాడు. గొంతు పగిలింది. వెనకవాళ్ళు కూర్చోమని కేకలు వేశారు. కూతురు కూడా లేచి అరిచింది. మూడో కృష్ణుడు చెయ్యెత్తి నమస్కారం పెట్టి పద్యం మళ్ళీ ఎత్తుకున్నాడు.

ఇదీ కథ.

నీతి చెప్పాలి. నిద్రపోయిన పిల్లని ఇంటికి మోసుకెళ్ళాలి, నిద్రపోయిన తండ్రిని లేపాలి. మొదటిది చేసినవాడికి బదులుగా మనమూ మొదటిదే చేస్తే బాకీ తీరదు.

ముసలితనం రెండో బాల్యం అని మనవాళ్ళు తరచుగా అంటారు. ప్రేమగానే అంటారు. నాకు ఆ మాట మీద ఎప్పుడూ అనుమానమే. పసిపిల్లకి తను ఏం పోగొట్టుకుందో తెలియదు. పడక సీను దగ్గర నిద్రపోయిన పిల్లకి వచ్చే ఏడు తీర్థముంది, ఆ పైయేడు తీర్థముంది. డెబ్భై దాటినవాడికి ఆ లెక్క నడవదు. పైగా పోగొట్టుకున్నది ఏమిటో ఆయనకి పేరుతో సహా తెలుసు. పిల్లకి నిద్ర అవసరం, ఎందుకంటే అది పెరగాలి. తండ్రి పెరిగి, పెంచి, అలిసి వచ్చి కూర్చున్నాడు. ఆయనకి ఒక రాత్రి నిద్ర చెడితే రేపు మధ్యాహ్నం పడుకుంటాడు. సీను పోతే పోయినట్టే.

ఈ కథలో కూతురి తప్పేముందని అడగవచ్చు. ప్రేమ తక్కువై లేపలేదా? కాదు. తనకి అందిన ప్రేమ ఏ ఆకారంలో అందిందో అదే ఆకారంలో తిరిగి ఇచ్చింది. కప్పడం, నిద్రపుచ్చడం, త్వరగా ఇంటికి చేర్చడం ఆమె ఎరిగిన ప్రేమ. మనలో మంచి పిల్లలనిపించుకున్నవాళ్ళే ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు. పట్టించుకోనివాడు తండ్రిని నాటకానికే తీసుకురాడు. బాగా పట్టించుకునేవాడు తీసుకొస్తాడు, తీసుకొచ్చి సగంలో లేవదీస్తాడు. మెట్లెక్కొద్దు, ఎండలో తిరగొద్దు, ఆ పెళ్ళికి అంత దూరం ఎందుకు, చావు ఇంటికి నువ్వెళ్ళి ఏం చేస్తావు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే న్యాయమైన మాటే. అన్నీ కలిపితే ఆ మనిషికి మంచమూ మాత్రలూ తప్ప ఇంకేమీ మిగలదు.

తల్లిదండ్రుల పోషణకు మన దేశంలో 2007లో చట్టమే చేశారు. అందులో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. చట్టం అంతకన్నా ఏం రాయగలదు? ఆ నాలుగూ అందని ముసలివాళ్ళు ఉన్నారు కాబట్టి చట్టం కావాల్సిందే. కానీ ఈ సరంగుకి ఆ నాలుగూ ఉన్నాయి. ఏ అధికారి దగ్గరికి వెళ్ళినా కూతురి మీద వేలెత్తి చూపే వీలు లేదు. అయినా ఆయన శాలువా మడతపెట్టి లేచి నిలబడ్డ ఆ క్షణంలో ఒక లోటు ఉంది. అది ఇద్దరి మధ్యే తేలాలి.

పడక సీను సంగతే చూడండి. ద్వారకకి ముందు చేరినవాడు దుర్యోధనుడు. ముందొచ్చినవాడు తలవైపు కుర్చీ చూసుకున్నాడు. వెనకొచ్చినవాడు పాదాల దగ్గర నిలబడ్డాడు. నిద్రపోయేవాడు కళ్ళు తెరిస్తే ఎదురుగా కనపడేది పాదాల దగ్గరున్నవాడే. మన పెద్దవాళ్ళు దీన్ని వినయానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. నాకు దాంతోపాటు ఇంకొకటి కనపడుతుంది. అర్జునుడు తనకి సౌకర్యంగా ఉన్నచోట నిలబడలేదు, అవతలివాడి చూపు ఎక్కడ పడుతుందో అక్కడ నిలబడ్డాడు. కూతురు టిక్కెట్టు కొన్నంత శ్రద్ధగా కుర్చీలు సంపాదించింది, మఫ్లర్ కట్టింది, నీళ్ళు తెచ్చింది. అవన్నీ తలవైపు కూర్చుని చేసిన సేవలు. ఆయన చూపు స్టేజీ మీదుందని ఆమెకి తెలిసింది తాళ్ళరేవు ముసలాయన ప్రశ్న వేశాకే.

సరంగు కూడా చెప్పి ఉండవచ్చు కదా అంటారు కొందరు. చెప్పాడు. కన్ను మూతపడితే లేపమ్మా అన్నాడు. మన తండ్రులు ఒక కోరికని అంతకంటే గట్టిగా చెప్పరు. రెండోసారి అసలే చెప్పరు. ముప్ఫై ఏళ్ళుగా ఒక సీను చూడలేదని వాళ్ళంతట వాళ్ళు కూర్చోబెట్టి చెబుతారని ఎదురుచూస్తే ఆ సంగతి మనకి ఎప్పటికీ తెలియదు. పరాయివాడెవడో అడిగితే మాటవరసకి బయటపడుతుంది.

తల్లుల మాట ఇంకా కష్టం. సరంగు ఒకటో కృష్ణుణ్ణయినా చూశాడు. ఆ కాలపు ఆడవాళ్ళలో ఎంతమంది తీర్థం రాత్రి ఇంట్లోనే ఉండిపోయారో! పాలేరుకి అన్నం పెట్టాలి, దూడని కట్టాలి, చంటిపిల్ల లేస్తే పాలివ్వాలి. నాటకం వాళ్ళకి గాలిలో వచ్చిన హార్మోనియం మాత్రమే. మగవాళ్ళు తెల్లారి వచ్చి ఎవరెలా పాడారో చెప్పుకుంటుంటే కాఫీ అందిస్తూ విన్నారు. అమ్మకి నాటకాలంటే ఇష్టం లేదు అని మనం సులువుగా అనేస్తాం. ఒకసారి తీసుకెళ్ళి, ముందు వరసలో కూర్చోబెట్టి, నిద్ర వస్తే లేపి చూస్తే గానీ ఆ మాటలో ఎంత నిజముందో తెలియదు.

నిజంగా నిద్రే కావాలనే పెద్దవాళ్ళూ ఉంటారు. ఇంక చాలమ్మా, నడుం లాగేస్తోంది, పోదాం అంటారు. అప్పుడు లేవాలి, వెంటనే లేవాలి. మూడో కృష్ణుణ్ణి చూసి తీరాలని పట్టుబట్టడం కూడా మన ముచ్చటే అవుతుంది. ఏది ఏమిటో తెలుసుకోవడానికి అడగడం తప్ప వేరే దారి లేదు. సాయంత్రం బయలుదేరేటప్పుడే అడగాలి, నిద్రమత్తులో ఉన్నప్పుడు కాదు: నీకు ఏ సీను చూడాలనుంది, ఇంతకు ముందు ఏది తప్పిపోయింది, నిద్రపోతే లేపనా వద్దా అని.

గోదావరికి ఇటూ అటూ పద్యనాటకం ఇంకా బతికే ఉంది. వేసవి తీర్థాల్లో, జాతరల్లో కరపత్రాలు ఇప్పటికీ గోడలకి అంటిస్తున్నారు. నాన్ననో అమ్మనో తీసుకెళ్ళాలనుకుంటే ఆ కరపత్రం పూర్తిగా చదవండి. ఎంతమంది కృష్ణులున్నారో, ఆఖరివాడు ఎవరో చూసుకోండి. వెన్ను ఆనించుకోవడానికి వీలున్న కుర్చీ, ఒక దుప్పటి, ఫ్లాస్కులో కాఫీ వెంట ఉంచుకోండి. ఆటోవాడితో రాత్రి పన్నెండుకి కాదు, తెల్లారి అయిదింటికి రమ్మని మాట్లాడుకోండి. మర్నాటికి సెలవు ముందురోజే పెట్టేయండి.